మనోవ్యథ - ముఖవర్చస్సు

మనస్సులోని భావం ముఖంలో ప్రతిఫలిస్తుందన్నది లోకానుభవం. సిగ్గు కలిగితే చెక్కిళ్ళు ఎర్రబడతాయి. భయం కలిగితే ముఖం పాలిపోతుంది. మన ఆలంకారికులు ఈ సంగతిని ఎంతో సూక్ష్మంగా పరిశీలించారు. భరతుడు నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది సాత్త్విక భావాలలో స్వేదం, రోమాంచం, వైవర్ణ్యం అనే మూడూ చర్మంపై వ్యక్తమయ్యేవే. చెమట పట్టడం, ఒడలు గగుర్పొడవడం, ముఖం రంగు మారడం కేవలం అవయవాల కదలికతో అభినయించగలిగినవి కావు. మనస్సు ఆ భావంలో లీనమైనప్పుడే అవి కలుగుతాయి. మనస్సుకూ చర్మానికీ ఇంతటి బంధమున్నప్పుడు, నెలల తరబడి మనస్సును వేధించే ఒత్తిడి చర్మాన్ని తాకకుండా ఉంటుందా? యౌవనంలో పలువురిని బాధించే మొటిమల విషయంలో ఈ ప్రశ్నకు ఎంతో ప్రాధాన్యముంది.

కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో ఒక విద్యార్థిని ఉండేది. పద్యాన్ని అందరికంటె శ్రావ్యంగా చదివేది. వార్షిక పరీక్షలు రెండు నెలలున్నాయనగా ఆమె ముందు బెంచీ నుండి చివరి బెంచీకి మారింది. ఒకనాడు పద్యం చదవమంటే లేచి, చున్నీతో ముఖం సగం కప్పుకొని, మౌనంగా నిలుచుంది. తరగతి ముగిసిన తర్వాత విచారిస్తే, "అందరూ నా ముఖమే చూస్తున్నారు సార్!" అని కన్నీరు పెట్టుకొంది. ఆమె చెక్కిళ్ళ నిండా మొటిమలు. "ఈ వయసులో అందరికీ వచ్చేవేలే" అని నేను అన్నమాట ఆమెకు ఊరట కలిగించలేదు. ఆ మాట ఎందుకు చాలదో నాకు తర్వాత తెలిసింది.

మొటిమలు నేటి కాలపు వ్యాధి కాదు. సుశ్రుత సంహిత వీటిని 'ముఖదూషికలు' అన్నది. యువకుల ముఖంపై బూరుగు ముళ్ళవలె పుట్టే పొక్కులని వర్ణించి, కఫ వాత రక్తాల దోషం కారణమని చెప్పింది. ఆధునిక వైద్యం దీనిని మరొక విధంగా వివరిస్తుంది. చర్మంలోని రోమకూపాలను ఆనుకొని తైలగ్రంథులుంటాయి. అవి స్రవించే 'సెబమ్' అనే జిడ్డు పదార్థం చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది. కౌమారంలో ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంవల్ల ఈ స్రావం అధికమవుతుంది. రాలవలసిన మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి రోమకూపాన్ని మూసివేస్తాయి. అక్కడ సహజంగానే నివసించే ఒక బాక్టీరియా వృద్ధి చెందుతుంది. ఆ భాగం ఎర్రబడి వాస్తుంది. అదే మొటిమ.

ఇందులో మనస్సు పాత్ర ఎక్కడ? గర్భస్థ పిండంలో చర్మపు పైపొరా, నాడీమండలమూ 'బహిస్త్వచం' అనే ఒకే పొరనుండి రూపొందుతాయి. ఒక విధంగా ఇవి రెండూ తోబుట్టువులు. పుట్టుకతో వచ్చిన ఈ సంబంధం జీవితాంతం కొనసాగుతుంది. మనిషి ఆందోళనకు లోనైనప్పుడు మెదడులోని అధోపర్యంకం 'సి.ఆర్.హెచ్.' అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. పీయూష గ్రంథి పంపే సంకేతంతో మూత్రపిండాలపైనుండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్‌ను స్రవిస్తాయి. ఆపద వేళ శరీరాన్ని సన్నద్ధం చేయడమే ఈ ఏర్పాటు ప్రయోజనం. అయితే అదే సి.ఆర్.హెచ్.ను గ్రహించే గ్రాహకాలు చర్మంలోని తైలగ్రంథులలోనూ ఉన్నాయి. అంతేకాక ఒత్తిడి వేళ చర్మంలోని నాడీకొనల నుండి వెలువడే కొన్ని రసాయనాలు వాపును పెంచగలవు. పులి ఎదురైతే ఆ ఉద్వేగం కొద్దిసేపటిలో ముగుస్తుంది. నెలల తరబడి సాగే పరీక్షల భయం అలా ముగియదు.

ఈ విషయాన్ని పరిశోధకులు విద్యార్థులలోనే పరిశీలించారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 22 మంది విద్యార్థుల ముఖాలను పరీక్షల సమయంలోనూ, పరీక్షలు లేని సమయంలోనూ పరీక్షించి, 2003లో ఫలితాలను ప్రకటించారు. ఒత్తిడి ఎక్కువగా పెరిగినవారిలో మొటిమల తీవ్రత కూడా ఎక్కువగా పెరిగింది. నిద్ర, ఆహారం వంటి ఇతర కారణాలను లెక్కలోనికి తీసుకొన్న తర్వాత కూడా ఈ సంబంధం నిలిచింది. సింగపూర్‌లో 94 మంది పాఠశాల విద్యార్థులపై జరిగి, 2007లో వెలువడిన అధ్యయనంలోనూ ఒత్తిడికీ మొటిమల తీవ్రతకూ సంబంధం కనిపించింది. కాని వారి ముఖంపై జిడ్డు పరిమాణంలో చెప్పుకోదగ్గ భేదం కనిపించలేదు. కనుక ఒత్తిడి ప్రభావాన్ని జిడ్డు ఒక్కదానితోనే వివరించలేమని గ్రహించాలి.

మరొక పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. అమెరికాలో 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిలిపై ఒకసారి వేసవి సెలవులలోనూ, మరొకసారి పరీక్షకు 3 రోజుల ముందూ సమానమైన చిన్న గాయం చేసి, అది మానే తీరును గమనించారు. పరీక్షల వేళ గాయం మానడానికి సగటున 3 రోజులు ఎక్కువ పట్టిందని 1998లో వెల్లడించారు. అంగిలి చర్మం కాకపోయినా, మానసిక స్థితి దేహం గాయాన్ని మాన్పుకొనే శక్తిని మందగింపజేస్తుందని ఈ పరిశోధన స్పష్టం చేస్తున్నది.

అయితే ఒత్తిడి ఒక్కటే మొటిమలకు మూలమని భావించరాదు. వంశపారంపర్యం, హార్మోన్లు, కొన్ని మందులు, రోమకూపాలను మూసివేసే సౌందర్యసాధనాలు, నుదుటిమీదికి జారే తలనూనె కూడా కారణాలు కావచ్చు. ఒత్తిడి నిప్పు కాదు, నిప్పును రాజేసే గాలి. ఈ భేదం తెలియనివారు "ఎక్కువ ఆలోచిస్తున్నావు, అందుకే మొటిమలు" అని బాధితులనే నిందిస్తారు. ఆ నింద మరొక ఒత్తిడి అవుతుంది. మొటిమను చూసి దిగులు, దిగులువల్ల నిద్రలేమి, తెలియకుండానే గోటితో గిల్లడం, గిల్లితే మచ్చ, మచ్చను చూసి మళ్ళీ దిగులు. ఇదొక విషవలయం. నా విద్యార్థిని చిక్కుకొన్నది ఈ వలయంలోనే.

ఆమె విషయంలో మరొక ప్రమాదం కూడా తోడయింది. ఎవరో చెప్పిన ఒక క్రీమును మందుల దుకాణంలో కొని నెలల తరబడి రాసుకొన్నది. మొదట ముఖం తేటపడింది. తర్వాత మొటిమలు ఇనుమడించాయి. అందులో స్టెరాయిడ్ ఉన్నదని వైద్యురాలు చెప్పేవరకు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ స్టెరాయిడ్లు కార్టిసాల్ కోవకు చెందినవే. తగిన వ్యాధికి, తగిన మోతాదులో వైద్యులు వాడితే అవి మేలైన మందులు. విచక్షణ లేక ముఖానికి వాడితే చర్మం పలుచబడుతుంది, ఎర్రబడుతుంది, కొత్త మొటిమలు పుట్టుకొస్తాయి. హఠాత్తుగా మానినా అవి విజృంభిస్తాయి. ఇటువంటి పైపూత మందులు పలుంటిని వైద్యుని చీటీ లేకుండా విక్రయించరాదని కేంద్రప్రభుత్వం 2018లో నిబంధన విధించింది. తెల్లదనాన్నీ నునుపునూ కొద్దిరోజులలో ప్రసాదిస్తామనే క్రీములపట్ల యువత అప్రమత్తంగా ఉండాలి.

మరి చేయవలసినదేమి? రోజుకు రెండుసార్లు తేలికపాటి సబ్బుతో ముఖం కడుక్కొంటే చాలు. పదేపదే రుద్దితే చర్మం మరింత రేగుతుంది. మొటిమలను గిల్లరాదు. అవి తీవ్రంగా ఉన్నా, మచ్చలు పడుతున్నా చర్మవ్యాధి నిపుణులను సంప్రదించాలి. చికిత్స ఫలితం కనిపించడానికి ఆరు నుండి ఎనిమిది వారాలైనా పట్టవచ్చు కనుక ఓర్పు అవసరం. ఇక ఒత్తిడి విషయానికి వస్తే, పరీక్షలను తప్పించలేము కాని నిద్రను కాపాడుకోగలము. పాఠాలను ఏనాటికానాడు చదువుకోవడం, కొంతసేపు ఆటకు కేటాయించడం, దిగులును తల్లిదండ్రులతోనో అధ్యాపకులతోనో పంచుకోవడం మనస్సుకు మేలు చేస్తాయి. దిగులు ఎంతకూ వీడకపోతే మానసిక వైద్యుని ఆశ్రయించడానికి సంకోచించనక్కరలేదు.

పెద్దల బాధ్యత అంతకంటె గొప్పది. ముఖాన్ని బట్టి మనిషిని ఎగతాళి చేయడం వినోదం కాదు, హింస.

ఆ విద్యార్థిని వైద్యురాలి పర్యవేక్షణలో క్రమంగా కోలుకొన్నది. మచ్చలన్నీ మాసిపోలేదు. వీడ్కోలు సభనాడు మాత్రం చున్నీ ముఖానికి అడ్డుపెట్టుకోకుండానే వేదికనెక్కి పద్యం చదివింది. మేము ఆ పద్యాన్ని విన్నాము. ముఖంపై మచ్చలను ఎవరూ లెక్కించలేదు.