రావులపాలెం నుంచి ఆన్‌లైన్ క్లాసుల సైట్: అసలు పరీక్ష చవక ఫోన్‌లోనే!

వెబ్ డిజైన్ పని చేయాలంటే హైదరాబాద్ వెళ్లాల్సిందేనా? అక్కర్లేదు. అరటి మార్కెట్‌కి పేరుపడ్డ రావులపాలెంలో కూడా ఒక ల్యాప్‌టాప్, మంచి నెట్ ఉంటే చిన్న వ్యాపారం నడపొచ్చు.

కోచింగ్ సెంటర్ వాళ్లు క్లాసుల సైట్ అడిగితే మొదటి నుంచి కోడ్ రాయక్కర్లేదు. 2002లో వచ్చిన మూడుల్ ఉచితం, ఓపెన్ సోర్స్. డొమైన్, హోస్టింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. ఆ రెండూ కస్టమర్ పేరు మీదే కొనండి, రేపు సైట్ ఎవరిదన్న పేచీ రాదు.

అసలు తిప్పలు వీడియోలతోనే. మన ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడే పాఠం, స్టూడెంట్ ఫోన్‌లో గిర్రున తిరుగుతూనే ఉంటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్‌లో 1080పీ క్లాసు గంట చూస్తే ఇక మిగిలేది తక్కువే. 480పీ వీడియో, పీడీఎఫ్ నోట్స్ కూడా పెట్టండి.

2022 మే 24 అమలాపురం ఘటనల తర్వాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ ఆగిపోయింది గుర్తుందా? అలాంటప్పుడు మూడుల్ యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకున్న పాఠాలే దిక్కు. దీనికోసం సైట్ సెట్టింగ్స్‌లో మొబైల్ సర్వీసులు ఆన్ చేయాలి. యూట్యూబ్ లింకు పెడితే మాత్రం ఆ వీడియో అలా డౌన్‌లోడ్ కాదు.

మా మాట: సైట్ అప్పగించే ముందు వైఫై ఆపేసి, చవక ఫోన్‌లో ఒక క్లాసు మొత్తం చూడండి. చిన్న ఊళ్లో మంచి పేరైనా, చెడ్డ పేరైనా ఇట్టే పాకిపోతుంది మరి!