బోరుకు కేసింగ్ ఎంత లోతు? బండి రాకముందే వేసుకోవాల్సిన లెక్క

బోరు వేయించేటప్పుడు మనమంతా అడిగేది ఒక్కటే, నీళ్లు ఎన్ని ఇంచులు పడ్డయ్ అని. కేసింగ్ ఎక్కడ కూర్చుందని అడిగేటోళ్లు తక్కువ. నేనూ అడగలేదు. పైపు ఖర్చు చూసి "40 అడుగులు చాల్లే" అన్న. రెండో వానాకాలానికే మొరం జారి బోరులో పడ్డది, మోటారు బురదలో ఇరుక్కుపోయింది.

మన వరంగల్ వైపు ఎక్కువగా గ్రానైటు, నైసు రాళ్లు. పైన మట్టి, దాని కింద మొరం, ఆ తర్వాత గట్టి రాయి. గట్టి రాయి తనంతట తనే నిలబడుతుంది, పైనున్న వదులు పొర నిలబడదు. అందుకే కేసింగ్ మొరం దాటి గట్టి రాయిలో కూర్చోవాలి. భూపాలపల్లి వైపు ఇసుకరాయి నేలల్లో లెక్క వేరే.

చమురు బావుల్లో పైపు దింపే ముందే కంప్యూటర్‌లో దింపి చూస్తారు. పైపును చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క బరువు, వంపు, గోడ రాపిడి, బయటి ఒత్తిడి లెక్కగడతారు. మనకు కంప్యూటర్ అక్కర్లేదు, ఆ లెక్కలోని మూడు సంగతులు చాలు.

ఒత్తిడి: 10 మీటర్ల నీళ్లు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి పెడతాయి. పైపు బయట 20 మీటర్ల బురద నిండి, లోపల కంప్రెషర్‌తో ఖాళీ చేస్తే 2 కిలోలు దాటుతుంది.

మందం: అదే సైజు పైపు మందం సగమైతే, నలగకుండా తట్టుకునే బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పీవీసీ అయితే ఐఎస్ 12818 గుర్తు చూసి తీసుకోండి.

వంకర: రంధ్రం వంకరపోతే పైపు మధ్యలోనే ఆగుతుంది. సుత్తితో కొట్టి దింపనియ్యకండి. పైకి తీయించి, రంధ్రం మళ్లీ శుభ్రం చేయించండి.

ప్రకృతి సేద్యం చేసే మనకు ఇంకో ముఖ్య సంగతి. కేసింగ్ చుట్టూ సందు వదిలేస్తే, పక్క చేను యూరియా, పురుగుమందు కలిసిన వాన నీళ్లు నేరుగా బోరులోకి దిగుతాయి. ఆ నీళ్లతోనే జీవామృతం కలుపుకుంటే మన కష్టం ఏమైతది? సందును బంకమట్టితోనో సిమెంటుతోనో మూయించండి. పైన సిమెంటు దిమ్మె కట్టాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది: నేల మీద 30 సెంటీమీటర్లు, నేల లోపల 30 సెంటీమీటర్లు. నీళ్లు పడకపోతే రంధ్రం పూడ్చేయాలి, పిల్లల ప్రాణాల సంగతి అది.

పైపు దింపడం, సందు మూయడం కింది వీడియోలో చూడండి. బండి వచ్చిన రోజు చేను గట్టు మీద కూర్చోకండి, దగ్గరుండి పైపులు లెక్కబెట్టండి.