పాత డాడ్జ్ కారు చౌకగా దొరికిందా? బేరమాడే ముందు ఇవి చూడండి!

లింగాల (నాగర్‌కర్నూల్ జిల్లా): ఏ రేకుల షెడ్డులోనో దుమ్ముపట్టిన పాత అమెరికన్ కారు కనిపిస్తే, కొనేసి మెల్లగా బాగు చేసుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. ఇలా కొనే బండినే ప్రాజెక్ట్ కారు అంటారు. కానీ తొందరపడితే, లారీ ఎక్కించి లింగాల దాకా తెచ్చుకున్న బండి చివరికి తుక్కు కిందే పోవచ్చు.

ఇక్కడికి ఎలా వచ్చాయి?

వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకుంది. 1947 నుంచి ముంబై కుర్లాలో డాడ్జ్, ప్లిమత్ కార్లను బిగించి అమ్మింది. తర్వాత పెట్రోల్ ఖర్చు భరించలేక కొందరు వీటికి డీజిల్ ఇంజిన్లు పెట్టించారు.

అసలు చిక్కు ఏంటంటే..

2021 కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు రావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. అంటే ఇంజిన్ మార్చిన బండి చౌకగా వచ్చినా ఇక్కడ ఇబ్బందే.

కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20 వేలు. 10 ఏళ్లు చెల్లుతుంది. నంబర్ ప్లేట్‌లో రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అని ఉంటుంది. అయితే రోజూ అచ్చంపేటకు వేసుకెళ్తామంటే కుదరదు. ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, పెట్రోల్, రిపేర్ లాంటి పనులకే రోడ్డెక్కించాలి.

ఇవి చెక్ చేయండి

ఆర్‌సీ: అందులోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలవాలి. ఓనర్ చనిపోయి ఉంటే బండి వారసుల పేరు మీదకు మారిందో లేదో అడగాలి.

తుప్పు: పైన మెరిసే రంగును నమ్మొద్దు. మ్యాట్ ఎత్తి ఫ్లోర్ చూడాలి. డోర్ల కింది అంచులు, ఛాసిస్ కూడా చూడాలి.

ఇంజిన్: ఏళ్లుగా కదలని బండికి వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్‌లు తీసి, సిలిండర్లలో కొద్దిగా ఆయిల్ పోసి, ముందు చేత్తో తిప్పి చూడాలి.

బ్యాటరీ: 1955 వరకు వచ్చిన డాడ్జ్, ప్లిమత్ కార్లు 6 వోల్టులవి. ప్లస్ వైరు బాడీకి ఉంటుంది. తెలియక 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే బల్బులు మాడిపోతాయి.

తుప్పు పడితే వెల్డింగ్ చేయించొచ్చు, ఇంజిన్ పట్టేస్తే విప్పి బాగు చేయించొచ్చు. కాగితాలు లేకపోతే మాత్రం ఏ మెకానిక్ ఏమీ చేయలేడు. అందుకే ఆర్‌సీ కాపీ పట్టుకుని ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగండి. అక్కడ సరే అన్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.