ప్రెయరీ చిత్తడి నేలల పటపఠనం: ఉత్తర డకోటా గ్రామీణ ప్రాంతం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఉత్తర అమెరికా ప్రెయరీ మైదానాల ఉత్తర భాగం లక్షలాది చిన్న నీటిగుంటలతో నిండి ఉంటుంది. సుమారు 12,000 సంవత్సరాల క్రితం హిమానీనదాలు వెనుదిరిగినపుడు, అవి వదిలిన మట్టిలో చిక్కుకున్న మంచుదిబ్బలు కరగడం వల్ల ఈ పల్లాలలో అనేకం ఏర్పడ్డాయి. వీటిని ‘పాట్‌హోల్స్’ అంటారు. ఉత్తర డకోటాలోని స్టట్స్‌మన్ కౌంటీ పటాలు వీటి అధ్యయనానికి అనువైనవి.

2. భూవిభజన, ఆవాసం

అమెరికా భూవిజ్ఞాన సర్వే వారి 7.5 నిమిషాల స్థలాకృతి పటాల స్కేలు 1:24,000. వాటిలో ముందుగా కనిపించేది చతురస్రాల అమరిక. 6 మైళ్ల భుజం గల టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, ఒక్కొక్క సెక్షన్‌లో 640 ఎకరాలు ఉంటాయి. సెక్షన్ హద్దుల వెంట రోడ్లు, వాటి పక్కన దూరదూరంగా చిన్న నల్లని గుర్తులుగా ఇళ్లు కనిపిస్తాయి. ఈ హద్దులు నేల వాలును అనుసరించి గీసినవి కావు; అందువల్ల ఒకే గుంట ఇద్దరు ముగ్గురు రైతుల భూముల్లోకి రావచ్చు.

3. నీటి గుర్తులు, వాటి పరిమితులు

లోపలివైపు చిన్న గీతలున్న సంవృత కాంటూరు రేఖ పల్లాన్ని తెలుపుతుంది. అవిచ్ఛిన్నమైన నీలిరేఖ శాశ్వత జలాన్ని, తెగిన నీలిరేఖ కొంతకాలమే నిలిచే నీటిని, నీలిరంగు గడ్డిదుబ్బు గుర్తు చిత్తడిని సూచిస్తాయి. అయితే కాంటూరు అంతరం 10 అడుగులైనపుడు 3 అడుగుల లోతు గుంట ఏ రేఖకూ అందకపోవచ్చు. అలాగే పటానికి ఆధారమైన విమాన ఛాయాచిత్రం కరువు సంవత్సరంలో తీసినదైతే నీటి విస్తీర్ణం తక్కువగా నమోదవుతుంది. కనుక పటంపై ముద్రించిన సంవత్సరాలను గమనించడం అవసరం. స్టీవర్ట్, కాంట్రడ్ 1971లో చేసిన వర్గీకరణ గుంట మధ్యభాగంలోని వృక్షసముదాయం ఆధారంగా నీరు నిలిచే కాలాన్ని నిర్ణయిస్తుంది. అది పటపఠనానికి క్షేత్రస్థాయి పూరకం.

4. చట్టపరమైన ప్రాధాన్యం

1985 నాటి ఆహార భద్రతా చట్టం, చిత్తడి నేలను సాగుకు మార్చిన రైతుకు సమాఖ్య వ్యవసాయ సహాయాన్ని నిరాకరించే నిబంధన తెచ్చింది. 2023లో సాకెట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, శాశ్వత జలాలతో ఉపరితలంపై నిరంతర సంబంధమున్న చిత్తడి నేలలకే స్వచ్ఛ జల చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. పటంలో పాట్‌హోల్స్‌లో చాలావాటినుండి బయటికి పోయే ప్రవాహరేఖ ఉండదు. అందువల్ల వాటిలో అధికభాగం ఆ రక్షణకు దూరమవుతుంది.

5. ముగింపు

రేఖ లేనంత మాత్రాన జలసంబంధం లేదని భావించరాదు. గుంటలు భూగర్భజలం ద్వారా కలుస్తాయి. అధిక వర్షపాత సంవత్సరాల్లో నిండి ఒకదానిలోకి మరొకటి పొర్లుతాయి. ఈ వాస్తవాన్ని ఒక్క పటం చూపలేదు. వేర్వేరు సంవత్సరాల పటాలను, ఛాయాచిత్రాలను, క్షేత్ర పరిశీలనను సమన్వయించినప్పుడే పటపఠనం ప్రామాణికమవుతుంది.