ఆముదం సంకర విత్తనోత్పత్తి: ఆడ వరసలో మగ పూలు వస్తే జాగ్రత్త

ఆముదం సంకర విత్తనం పండించే రైతుల్లో చాలామంది "ఆడ వరసలో అన్నీ ఆడ పూలే కదా, ఇక భయమేముంది" అనుకుంటారు. నా సర్వీసులో చూసిన ఒక చేను సంగతి చెబుతాను. విత్తడం ఆలస్యమై డిసెంబరులో వేశారు. ఫిబ్రవరి చివర్లో ఎండ ముదిరాక ఆడ గెలల మధ్య మగ పూలు వచ్చాయి. రైతు గమనించలేదు. జన్యు స్వచ్ఛత పరీక్షలో ఆ లాటు తప్పింది. విత్తనం ధర రావలసిన గింజ నూనె గింజల ధరకు పోయింది.

ఆడ వరస అంటే ఏమిటి?

మామూలు ఆముదం గెలలో కింది భాగాన పసుపు పచ్చని మగ పూలు, పై భాగాన ఆడ పూలు ఉంటాయి. ఆడ వరసకు వాడే రకాల్లో గెల అడుగు నుంచి కొన దాకా ఆడ పూలే ఉంటాయి. పక్కనున్న మగ వరస పుప్పొడి గాలికి వచ్చి వీటిపై పడితే సంకర విత్తనం తయారవుతుంది. ఉదాహరణకు జీసీహెచ్-4 సంకరానికి తల్లి వీపీ-1, తండ్రి 48-1 (జ్వాల).

మగ పూలు ఎందుకు వస్తాయి?

ఆడ లక్షణం మొక్క వంశం నుంచి వచ్చేదే అయినా వాతావరణాన్ని బట్టి మారుతుంది. పగటి ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటినా, పోషకాలు చాలకపోయినా, మొక్క ముదిరినా మగ పూలు పెరుగుతాయి. అందుకే మొదటి గెల కంటే తర్వాతి గెలల్లో ఈ సమస్య ఎక్కువ.

ఈ గుణంతో ఉపయోగమూ ఉంది. మగ పూలు అసలే రాకపోతే ఆడ రకం తన విత్తనాన్ని తాను ఇవ్వలేదు. అందుకే శాస్త్రవేత్తలు తల్లి విత్తనం పెంచడానికి వేడి కాలాన్ని వాడుకుంటారు. తొందరగా మగ పూలు వేసిన మొక్కలను మాత్రం ముందే తీసేస్తారు. సంకర విత్తనం పండించే మీకు కావలసింది చల్లని కాలం.

నష్టం ఎలా జరుగుతుంది?

ఆడ వరసలోని మగ పూల పుప్పొడి అదే వరసపై పడితే వచ్చే గింజ సంకరం కాదు, తల్లి రకమే. చూడటానికి తేడా తెలియదు. అది కొని వేసిన రైతు చేలో సంకరానికి ఉండే బలం, దిగుబడి కనిపించవు.

మీరు చేయవలసినవి

• సెప్టెంబరు రెండో పక్షం నుంచి అక్టోబరు లోపు విత్తండి. పూత చల్లని రోజుల్లో వస్తుంది.
• 3 ఆడ వరసలకు 1 మగ వరస చొప్పున వేయండి. మగ వరసల మొదట్లో, చివర్లో గుర్తు కర్రలు పాతండి.
• గెల కనిపించినప్పటి నుంచి రోజు విడిచి రోజు ఉదయాన్నే ఆడ వరసలు తిరగండి. మొదటి గెలలోనే మగ పూలున్న మొక్కను, అవి విచ్చక ముందే పీకి చేను బయట వేయండి.
• తర్వాతి గెలల్లో మగ మొగ్గలు కొద్దిగా కనిపిస్తే చిదిమేయండి. ఎక్కువగా ఉంటే గెలనే కోసేయండి.
• పూత దశలో నీటి ఎద్దడి రానివ్వకండి. నత్రజనిని ఒకేసారి వేయకుండా దఫాలుగా వేయండి.
• చుట్టుపక్కల వేరే ఆముదం చేలు లేకుండా, విత్తన ధ్రువీకరణ సిబ్బంది చెప్పిన దూరం పాటించండి.
• మగ వరస గెలలను ముందుగా కోసి వేరుగా ఉంచండి.

సంకరం గింజ దాచుకోవచ్చా?

వద్దు. సంకరం చేలో పండిన గింజను మళ్లీ వేస్తే మొక్కలు రకరకాలుగా వస్తాయి, దిగుబడి తగ్గుతుంది. సొంత విత్తనం కావాలనుకునే వారు హరిత, క్రాంతి వంటి సూటి రకాలు వేసి, మంచి గెలలను ఎంచి దాచుకోవచ్చు.

పూత మొదలైన వారంలోనే మీ వ్యవసాయ విస్తరణ అధికారిని చేనుకు పిలిపించి ఆడ వరసలు చూపించండి. మగ పూలు విచ్చి పుప్పొడి రాలాక చేయగలిగింది చాలా తక్కువ.