వెలుగు అందరిది, బూడిద కొందరిది

తెలుగునాట విద్యుద్దీపము లేని పల్లె నేడు అరుదు. ఆ వెలుగు ఎచ్చటినుండి వచ్చుచున్నదని విచారించువారును అరుదే. దేశమున ఉత్పత్తి యగు విద్యుచ్ఛక్తిలో మూడింట రెండు వంతులకు మించి నేటికిని బొగ్గును కాల్చుటవలననే లభించుచున్నది. ఇందలి మేలెంత, కీడెంత, ఆ కీడు నెవరు మోయుచున్నారు అను విషయమును నిష్పక్షపాతముగ పరిశీలించుట అవసరమని మేము తలంచుచున్నాము.

మొదట మేలు చెప్పుట న్యాయము. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనినది మొదలు సింగరేణి మనకు పెన్నిధియైనది. 1920లో హైదరాబాదున హుస్సేన్‌సాగరు తీరమునను, 1966లో కొత్తగూడెమునను, 1979లో విజయవాడ చెంత ఇబ్రహీంపట్టణమునను, 1983లో రామగుండమునను థర్మల్ కేంద్రములు పనికి పూనినవి. నదులు ఎండినను, గాలి స్తంభించినను, సూర్యుడు అస్తమించినను బొగ్గు తన పని మానదు. అది మన నేలలోని సొత్తు. పరదేశముల వాకిట అంతగా చేయి చాపనక్కరలేదు. వేలకొలది కుటుంబములకు అది అన్నము పెట్టుచున్నది.

ఇక కీడు. ఒక్క యూనిట్టు విద్యుత్తునకు రమారమి ముప్పాతిక కిలో బొగ్గు కాలి, కిలోకు సమీపమగు బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కలియుచున్నది. కాలిన బొగ్గులోని వేడిమిలో మూడవ వంతునకు కొంచెము హెచ్చుగ మాత్రమే విద్యుత్తగును, తక్కినది వ్యర్థమే. మన కేంద్రములలో కాల్చెడి బొగ్గున బూడిద సాధారణముగ నూటికి 30 మొదలు 45 పాళ్ల వరకు ఉండును. అందు కొంత సిమెంటునకును, ఇటుకలకును పనికివచ్చును. మిగిలినది బూడిద చెరువులలో పేరుకొని, వేసవి గాలికి లేచి, చుట్టుపట్ల ఇండ్లపైనను పైరులపైనను పడుచున్నది. దీపము నగరమున వెలుగును. దగ్గు కేంద్రము ప్రక్కనున్న పల్లెకు మిగులును.

శాసనము లేకపోలేదు. గంధక వాయువునకు కేంద్రప్రభుత్వము 2015 డిసెంబరులో హద్దు విధించినది. గడువు పలుమార్లు పొడిగింపబడినది. తుదకు 2025 జులైలో అధికసంఖ్యాకములగు కేంద్రములకు మినహాయింపే లభించినది. మన బొగ్గున గంధకము స్వల్పమనియు, శుద్ధియంత్రముల వ్యయము అధికమనియు చెప్పబడుచున్నది. ఈ వాదమున కొంత నిజమున్నను, పదేండ్లు ఆశపెట్టి తుదకు లేదనుట ప్రజల విశ్వాసమును నిలుపు మార్గము కాదు.

విశ్వాసము చెడిన ఫలమును శ్రీకాకుళము సీమ చూచినది. థర్మల్ కేంద్రములు వలదని 2010లో సోంపేటయందును, 2011లో కాకరాపల్లియందును ప్రజలు ఎదురు నిలువగా, తుపాకులు ప్రేలి ప్రాణములు పోయినవి. వారు వెలుగును ద్వేషించినవారు కారు. పంటకును చేపకును ఆధారమైన తడినేల పోవునని భయపడినవారు.

కొలిముల నన్నిటిని నేడే ఆర్పుమనువారితో మేము ఏకీభవింపము. బొగ్గే చౌక యనువారితోను ఏకీభవింపము. రోగి వైద్యమును, రైతు నష్టమును లెక్కలో వ్రాయకున్న ఏ సరకైనను చౌకయే. కావున ప్రతి కేంద్రము చుట్టునున్న గాలి, నీరుల స్థితిని దినదినము తెలుగులో ఆయా గ్రామములవారికి తెలియజేయవలెను. పాత బూడిదకు దారి చూపనిదే క్రొత్త కొలిమికి అనుమతి ఈయరాదు. సూర్యశక్తి పెరుగుచున్నది; రాత్రికి దానిని నిలువచేయుటకు శ్రీశైలము, నాగార్జునసాగరములందువలె నీటిని మీదికి తోడు ఏర్పాట్లు విస్తరింపవలెను.

కొత్తగూడెమున పాత కేంద్రపు శీతల గోపురములు 2024 ఆగస్టులో నేలకూల్పబడినవి. ఏ కొలిమియు శాశ్వతము కాదని అవి చెప్పకయే చెప్పినవి. గోపురము కూలకముందే దాని నీడన బ్రదికినవారికి మరియొక జీవనము చూపుట ప్రభుత్వముల ధర్మము. దేశమునకు వెలుగిచ్చిన ఊళ్లను చీకటిలో విడుచుట అభ్యుదయము అనిపించుకొనదు.