లోపలి మచ్చలు – సంతానానికి అడ్డంకులు

సంతానం కొరకు ఎదురుచూచే దంపతులు వైద్యుని వద్దకు వచ్చినపుడు సాధారణంగా నెలసరి గురించి, ఒంట్లో వేడి గురించి, నీరసం గురించి చెబుతారు. పదేండ్ల క్రితం జరిగిన అపెండిసైటిస్ ఆపరేషన్, చిన్ననాడు మెడలో లేచిన క్షయ గడ్డలు, మొదటి గర్భం నిలవక కడుపు కడిగించుకొన్న సంగతి మాత్రం అడిగితే తప్ప చెప్పరు. ఆ మూడింటికీ సంతానలేమికీ దగ్గరి చుట్టరికం ఉన్నది. చర్మంపై గాయం మానితే మచ్చ మిగులుతుంది. అటువంటి మచ్చలే కడుపు లోపల కూడ ఏర్పడతాయి. కంటికి కనిపించవు కనుక ఎవరికీ గుర్తుకు రావు.

ఉదరములోని అవయవాలన్నింటిపై నునుపైన పలుచని పొర ఉన్నది. ప్రేగులు, గర్భాశయం, అండాశయాలు ఒకదానిపై ఒకటి జారుతూ కదలగలుగుట దాని చలువే. కోత వలన గాని, చీము వలన గాని ఆ పొర దెబ్బతిన్నపుడు రక్తంలోని జిగురు పదార్థం కొన్ని గంటలలోనే అక్కడ చేరుతుంది. శరీరం దానిని కొద్ది దినాలలో కరిగించుకొనగలిగితే మంచిదే. కరగక మిగిలినచో అందులోనికి నారవంటి కణజాలం, రక్తనాళాలు పెరిగి, పక్కపక్కనున్న అవయవాలను అతికించివేస్తాయి. వీటినే వైద్యులు అతుకులు అంటారు.

గర్భము నిలుచుటకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగూ కూడవలెనని సుశ్రుతుడు చెప్పినాడు. నాటు వేసే రైతుకు ఈ మాట వివరించనక్కరలేదు. విత్తనం మేలైనదైనా, అదను తప్పకపోయినా, మడి చెడినచో మొలక రాదు. ఆయనే శారీరస్థానంలో ఆర్తవవహ స్రోతస్సులు రెండని, వాటికి గర్భాశయము మూలమని, అచ్చట దెబ్బతగిలిన స్త్రీకి వంధ్యత్వము, సంగమమందు నొప్పి, నెలసరి ఆగుట అను మూడు లక్షణాలు కలుగునని పేర్కొన్నాడు. నేటి వైద్యులు కటిభాగపు అతుకులకు చెప్పే లక్షణాలను ఈ మూడింటి పక్కన పెట్టి చూడండి. గురుకులంలో ఈ శ్లోకం వల్లెవేసిన నాడు మా ఈడు పిల్లలకు దాని బరువు తెలియలేదు.

గర్భనాళము సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవుండును. దాని చివర వ్రేళ్ళవంటి కుచ్చు అండాశయంపై వాలి, విడుదలైన అండమును లోనికి తీసుకొనును. అండమునకు ఆయువు ఒక్క దినము మించదు. ఆ కుచ్చు అతుక్కొనిపోయినా, నాళము మెలిపడినా బీజద్వయం కలియదు. నెలసరి మాత్రం తప్పక వస్తూనే ఉంటుంది. కనుక "నెలసరి బాగానే ఉన్నది, లోపమేమీ లేదు" అనుకొనుట పొరపాటు. గర్భాశయం లోపలి గోడలే అతుక్కొన్నపుడు మాత్రం రక్తస్రావం బాగా తగ్గడం, లేదా పూర్తిగా ఆగడం జరుగుతుంది. జోసెఫ్ ఆషర్‌మన్ అను వైద్యుడు 1948లో దీనిని వివరించినందున ఆ వ్యాధికి ఆయన పేరే వచ్చినది. గర్భస్రావానంతరం, కాన్పు తరువాత మాయ ముక్క మిగిలినపుడు, గర్భసంచిని గట్టిగా గీకుట దీనికి ముఖ్యకారణం.

మన దేశంలో మరొక కారణం క్షయ. క్షయ అనగానే దగ్గు, ఊపిరితిత్తులు గుర్తుకువస్తాయి. ఆ క్రిమి రక్తం ద్వారా గర్భనాళాలకు చేరి, దగ్గు లేకుండా, జ్వరం లేకుండా ఏండ్ల తరబడి దాగి ఉండగలదు. చాలమంది స్త్రీలలో సంతానం కలుగకపోవుటయే దాని మొదటి లక్షణం. గర్భాశయపు లోపొర నుండి తీసిన ముక్కను పరీక్షించి నిర్ధారించవలెను. చేతిపై వేసే సూదిపరీక్ష ఒక్కటే చూచి మందులు మొదలుపెట్టరాదు. మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితం. సాధారణంగా 6 మాసాలు వాడవలెను. ఆ మందులు క్రిమిని చంపును గాని అప్పటికే పడిన మచ్చను తుడిచివేయలేవు. త్వరగా కనుగొనవలెననుటకు కారణమిదే. శామీర్‌పేట దాటి కరీంనగర్ దారిలో వచ్చే మన తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉన్నది గదా. అచ్చటి భారత్ బయోటెక్ స్పెయిన్ దేశపు బయోఫాబ్రి సంస్థతో కలిసి, పెద్దలకు పనికివచ్చే కొత్త క్షయ టీకాపై పరీక్షలను 2024లో మన దేశంలో ఆరంభించినది. అది ఫలించినచో ఊపిరితిత్తులతోపాటు ఎందరో యువతుల గర్భనాళాలు కూడ రక్షింపబడవచ్చునని నా ఆశ.

ఇక కోతల సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. దేశమంతటా చూస్తే 21.5 మాత్రమే. ముహూర్తం చూచి కోయించుకొనే వేడుక కూడ ఇందులో కొంత ఉన్నది. ఆపదలో సిజేరియన్ తల్లీబిడ్డల ప్రాణం కాపాడుతుంది. దానిని నిందించను. అవసరం లేని కోతకు మాత్రం మూల్యం రెండవ కాన్పు వేళ తెలుస్తుంది. కోత పడినచోట పిండం అంటుకొనుట, మాయ గోడలోనికి చొచ్చుకొనిపోవుట వంటి ప్రమాదాలు కలుగవచ్చు. సిజేరియన్ అయినవారు మరల గర్భం ధరించుటకు కనీసం ఏడాదిన్నర ఆగి, గర్భమని తెలియగానే స్కానింగ్ చేయించుకొనవలెను.

గర్భం వద్దనుకొని చిత్రమూలపు వేరును లోనికి పెట్టించుకొనే మొరటు పద్ధతి కొన్నిచోట్ల ఉండేది. అంతకంటె కీడు లేదు. చీముపట్టి, బ్రతికి బయటపడినా నాళాలు మూసుకొనిపోతాయి. ఈనాడు మందులషాపులో అడిగి తెచ్చుకొని, వైద్యుని పర్యవేక్షణ లేకుండా మ్రింగే మాత్రలతో కూడ ముక్కలు మిగిలి అదే గతి పట్టవచ్చు. 1971 నుండి చట్టబద్ధమైన మార్గం ఉన్నది. అర్హులైన డాక్టరు వద్దకే వెళ్ళండి.

పరీక్షలెట్లు చేస్తారు?

ముందుగా భర్తకు వీర్యపరీక్ష. ఇది సులభము, చవక. అయినా మన ఇండ్లలో కోడలికి అన్ని పరీక్షలు అయిన తరువాతనే కొడుకు వంతు వస్తుంది. పిమ్మట నెలసరి ఆగిన కొద్ది దినాలలో గర్భాశయంలోనికి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. నొప్పికి నాళము బిగుసుకొని, మూసుకొన్నట్లు కనిపించుట కూడ కలదు. కనుక ఒక్క ఫిలిం చూచి నిరాశ చెందరాదు. అవసరమైనచో లాపరోస్కోపు ద్వారా చూచి అతుకులను విడదీస్తారు. గర్భాశయం లోపలివైతే హిస్టెరోస్కోపు వాడుతారు. విడదీసినవి మరల అతుక్కొనవచ్చునని ముందే తెలిసి ఉండవలెను. నాళాలు నీరుపట్టి ఉబ్బినచో, టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి వెళ్ళుటకు ముందు వాటిని తొలగించుటో, కట్టివేయుటో మేలు. 1978లో జన్మించిన లూయీ బ్రౌన్ తల్లికి, అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో జన్మించిన దుర్గ తల్లికి, ఇద్దరికీ నాళాల దోషమే. ఆ పద్ధతి పుట్టినదే ఇటువంటి వారి కొరకు.

ఇంటివైద్యం ఎంతవరకు?

గట్టిపడిన అతుకును కరిగించే కషాయం నాకు తెలిసి ఏదీ లేదు. కరిగిస్తామని వేలకు వేలు గుంజేవారిని నమ్మవద్దు. ఉత్తరవస్తి శాస్త్రోక్తమైన చికిత్సయే. కాని క్షయ, చీము ఉన్నవారికి చేయరాదు. శుద్ధి పాటించని చోట చేయించుకొన్నచో అదే కొత్త మచ్చకు కారణమగును. పొత్తికడుపుపై ఆముదపు గుడ్డతో వెచ్చగా కాపడం పెట్టినచో బిగువు, నెలసరి నొప్పి కొంత ఉపశమించును. అంతకుమించి ఆశించరాదు. గర్భం అనుమానం ఉన్నపుడు, జ్వరం ఉన్నపుడు అదికూడ వద్దు. మలబద్ధకం లేకుండ ఆకుకూరలు, మజ్జిగ, తగినంత నీరు తీసుకొనండి. ఆపరేషన్ అయినవారు డాక్టరు అనుమతించిన వెంటనే లేచి నడవండి. భస్మాలు, రసౌషధాలు సొంతంగా వాడకండి.

ఏడాది ప్రయత్నించినా ఫలించనివారు, 35 ఏండ్లు దాటినచో ఆరు మాసాలకే, వైద్యుని చూడవలెను. పైన చెప్పిన ఆపరేషన్లు, క్షయ, గర్భస్రావం జరిగినవారు అంతకాలం కూడ ఆగనక్కరలేదు. పాత ఆసుపత్రి కాగితాలు వెంట తీసుకొనివెళ్ళండి.

నాళాలలో మచ్చలున్నవారికి గర్భం నిలిచిన శుభవేళ ఒక జాగ్రత్త కావలెను. పిండం గర్భాశయానికి చేరక నాళములోనే ఆగిపోవచ్చు. నెల తప్పిన తరువాత ఒకవైపు పొత్తికడుపు నొప్పి, కొద్దిపాటి రక్తస్రావం, భుజం నొప్పి, కండ్లు తిరుగుట కనిపించినచో ఇంగువ నీళ్ళు, వాము కషాయం ఇచ్చి తెల్లవారేదాక చూడకండి. అర్ధరాత్రి అయినా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.